పసుపు చుక్కకు రెండు మార్కులు

52వ పనిదినం, బుధవారం

హాజరు నలభై మూడు. వాన లేదు. ఎండ బాగా కాసింది.

మధ్యాహ్నం అన్నాల వేళ బడి నీళ్ళ ట్యాంకు మీద గద్ద ఒకటి వాలింది. తరుముదామని పళ్ళెం, గరిట తీసుకుని బయటికి వెళ్ళేలోపే తుపాకి పేలింది. మా మెట్ట ఊళ్ళోవాళ్ళెవరో కొట్టారనుకుని సంతోషపడ్డాను కూడా. వెనక్కి తిరిగి చూస్తే ఒకటో తరగతి గదిలోంచి సున్నం దుమ్ము వస్తోంది. తూటా కిటికీలోంచి దూరి, కంచాల ముందు కూర్చున్న పన్నెండుమంది పసివాళ్ళ తలల మీదుగా పోయి, అవతలి గోడకి తగిలింది. ఆ గోడకి ఆనుకుని బుజ్జమ్మ కూర్చుంది. గోడకి పడిన బొక్కకీ దాని పాపిటకీ మధ్య జానెడు కూడా లేదు. నేనే కొలిచాను. కొలవకుండా ఉండాల్సింది.

పేల్చింది అయిదో తరగతి నూకరాజు, పదకొండేళ్ళవాడు. ట్యాంకు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. తుపాకి వెనక్కి తన్నిన దెబ్బకి భుజం దగ్గర ఎముక విరిగింది. "గద్దకి తగిలిందాండీ?" అని ఏడుస్తూనే అడిగాడు. గద్ద ఎప్పుడో ఎగిరిపోయింది.

తుపాకి వాళ్ళింటిది కాదు. బడికి మూడిళ్ళ అవతలున్న వడ్రంగి వీరాచారిది. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి నూకరాజు వెళ్ళాడు, పెట్టె తాళం తీశాడు, వేరే గదిలో దాచిన తూటాలు కూడా తెచ్చుకున్నాడు.

తాళంచెవి వాడికి ఎలా దొరికిందో తెలియలేదు.

ఎస్తేరు, ఉపాధ్యాయిని, పదకొండో మెట్ట బడి

53వ పనిదినం, గురువారం

హాజరు ముప్ఫై ఒకటి. చిన్నపిల్లల్ని పంపడానికి భయపడ్డారు.

నిన్నటి ఆఖరి వాక్యం అబద్ధం.

ఈ దినపుస్తకంలో కొట్టివేతలు కూడదనీ, పేజీ చింపకూడదనీ లోపలి అట్ట మీద ఎర్ర సిరాతో రాసింది నేనే. కాబట్టి ఆ వాక్యం అలాగే ఉంటుంది. నిజం ఈ పేజీలో రాస్తాను. కమిటీవారు ఏడాది చివర తప్ప ఈ పుస్తకం తెరవరని తెలిసే రాస్తున్నాను. ఇదేం ధైర్యమో!

మూడు వారాల కింద కమిటీ పెద్ద తాతబ్బాయిగారు బడికి వచ్చారు. తొమ్మిదో మెట్టలో ఆరేళ్ళ పిల్ల ఇంటి తుపాకితో ఆడుకుంటూ చనిపోయిందని చెప్పారు. మన దగ్గరా ఇంటికో తుపాకి ఉంది. గద్దల్ని కొట్టడానికి కమిటీయే ఇచ్చింది. "ఇంటింటికీ జాగర్త చెప్పాలండి. తవరు చెప్తే ఇంటారు," అన్నారాయన. మన మెట్టలో ఏ కబురైనా బడి నుంచే వెళ్ళాలి. నీళ్ళ వంతైనా, టీకాలైనా, చావు కబురైనా చీటీ రాసి పిల్లల సంచిలో పెడతాం. ఫోన్ మోగినా, రేడియో పలికినా గద్దలు గుంపుగా దిగుతాయి కదా. ఒకప్పుడు సరుకులు మోసిన డ్రోన్లవి. కంపెనీలు మునిగిపోయాయి, ఇవి మిగిలాయి, ఎక్కడ కరెంటు ఉంటే అక్కడ వాలి సోలారు పలకలు పీక్కుపోతున్నాయి. గద్ద అనే పిట్ట కూడా ఉండేదంటే మా ఒకటో తరగతి పిల్లలు నమ్మరు.

చీటీ నేనే రాశాను. మూడే మూడు మాటలు. తుపాకి పెట్టెలో పెట్టి తాళం వేయండి. తూటాలు వేరే గదిలో దాచండి. తాళంచెవి పిల్లలకు తెలియని చోట ఉంచండి.

నలభై మూడు చీటీలూ మర్నాటికే సంతకాలతో తిరిగొచ్చాయి. నాకు అనుమానం వచ్చింది. ఒకాయనైతే చీటీ తలకిందులుగా పట్టుకుని సంతకం పెట్టాడు. నూకరాజు తల్లి పైడమ్మ కుళాయి దగ్గర కనబడితే, చదివావా అని అడిగాను. "సదవలేదండి. తవరు పంపారంటే మంచిదే అయ్యుంటాది. ఏలిముద్ర ఏసేసేను," అంది నవ్వుతూ. వీరాచారి చేసిచ్చిన ఇనపపట్టీల పెట్టెలు ఇంటింటా ఉన్నాయి. సగం ఇళ్ళలో వాటి మీద కూర్చుని కూరలు తరుగుతారు. తుపాకి మాత్రం గోడ మేకుకే వేలాడుతూ ఉంటుంది.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. పెద్దవాళ్ళు అబద్ధం సంతకం పెడతారు గానీ పిల్లలు అబద్ధం గీయరు కదా! ఎవరింటి బొమ్మ వాళ్ళు గీసుకు రమ్మన్నాను. తుపాకి ఉన్నచోట ఎర్ర చుక్క, తూటాలున్నచోట నీలం చుక్క, తాళంచెవి ఉన్నచోట పసుపు చుక్క. ఇంటికి నాలుగు మార్కులు, చుక్కకి రెండేసి చొప్పున ఆరు. మొత్తం పది. మార్కుల కోసం పిల్లలు పోరితే, మేకులకున్న తుపాకులు కూడా పెట్టెల్లోకి చేరాయి.

ఇప్పుడు ఇది చదివితే ఎవరికైనా కనబడుతుంది. పిల్లలకు తెలియని చోట ఉంచమని చీటీలో రాసిన నేనే, ఆ చోటు కనిపెట్టిన పిల్లలకు రెండు మార్కులు వేశాను. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషిని. నా బుద్ధి గడ్డి తింది. తీరైన పటాలు, నిండు మార్కులు, వరుసగా కట్టిన తాడు తప్ప ఇంకేమీ కనబడలేదు నాకు.

వీరాచారి కూతురు లలిత నాలుగో తరగతి. మొదట ఎనిమిది మార్కులే వచ్చాయని ఏడ్చింది. "నాన్న ఎక్కడ పెట్టాడో చెప్పట్లేదండీ. అమ్మక్కూడా తెలీదంట," అంది. ఆ ఒక్క ఇంట్లోనే నా చీటీలోని మూడు మాటలూ సరిగ్గా పాటించారు. నేనేం చేశాను? "కళ్ళున్నాయి కదమ్మా, వెతుకు," అన్నాను. మూడు రోజులు వెతికింది పిల్ల. నాలుగో రోజు కుట్టుమిషను సొరుగులో, బొత్తాల డబ్బా అడుగున పసుపు చుక్క పెట్టి తెచ్చింది. పదికి పది వేసి, క్లాసు మొత్తం చేత చప్పట్లు కొట్టించాను.

ఆ నలభై మూడు బొమ్మలూ బడి గోడకి తాడు కట్టి వేలాడదీశాను. తాతబ్బాయిగారు చూసి "అబ్బో, బ్రహ్మాండం టీచరుగారూ!" అన్నారు. పదకొండు రోజులు వేలాడాయి. వాటి కింద కూర్చునే పిల్లలు అన్నాలు తిన్నారు. నూకరాజు కూడా తిన్నాడు.

నిన్న సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆ బొమ్మలన్నీ దించి అన్నం పొయ్యిలో పెట్టాను. వంటమ్మాయి ఇంకా ఉంది. ఏంటండీ అవి అని అడిగితే, చెమ్మ పట్టి పాడైపోయాయి అని చెప్పాను. పొయ్యి బాగా మండింది.

54వ పనిదినం, శుక్రవారం

హాజరు ముప్ఫై ఎనిమిది.

సాయంత్రం కుళాయి మైదానంలో కమిటీ కూర్చుంది. అందరూ వచ్చారు. నూకరాజుని జబ్బకి కట్టు కట్టి తీసుకొచ్చారు. పోయిన నెల వాళ్ళింటి మీది పలకలన్నీ గద్దలు పీక్కుపోయాయి. తండ్రి లేడు. పైడమ్మకి గురి కుదరదు. తుపాకి ఉండి ఏం లాభమని పిల్లలు వెక్కిరించారట. అందుకే ఒక్క గద్దనైనా కొట్టి చూపిద్దామనుకున్నాడు. మీ ఇంటి తుపాకి ఎందుకు తీయలేదని అడిగితే, అమ్మ తాళంచెవి మెళ్ళో వేసుకుంటుందన్నాడు.

"మరి ఈరాచారి ఇంటి తాళంచెవి ఎక్కడుందో నీకెలా తెల్సురా?" అని అడిగారు తాతబ్బాయిగారు.

"అందరికీ తెల్సండి," అన్నాడు వాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే చీర కొంగు మీదికి పోయింది. ఇక బొమ్మల మాట వస్తుందనుకున్నాను. రాలేదు. తాతబ్బాయిగారు వీరాచారి వైపు తిరిగారు. "అందరికీ తెలిసేటట్టు పెట్టేవన్నమాట! ఊరందరికీ పెట్టెలు చేసిచ్చినోడివి, నీ ఇంటి పెట్టెకే దిక్కు లేదేటయ్యా?" అన్నారు. కొందరు నవ్వారు.

వీరాచారి లేచి నిలబడ్డాడు. మెల్లగా మాట్లాడే మనిషి. "లేదండి. నేనెవరికీ చెప్పలేదండి. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు," అన్నాడు. ఎవరూ వినలేదు. ఒకటో తరగతి తల్లులు ఏడుస్తున్నారు, గోడకి పడిన బొక్క చూసొచ్చారు అందరూ. బుజ్జమ్మ తండ్రి వీరాచారి మీదికి చెయ్యెత్తాడు కూడా. చివరికి తీర్పు చెప్పారు. వీరాచారి తుపాకి వానాకాలం అయ్యేదాకా కమిటీ దగ్గరే ఉంటుంది. పెట్టెల పని వేరేవాళ్ళకి ఇస్తారు. నూకరాజు దొంగతనం చేశాడు గనక నెల రోజులు బడికి రాకూడదు.

నన్ను మాట్లాడమన్నారు. నేను లేచాను. నోటిదాకా వచ్చింది. "తల్లిదండ్రులందరూ చీటీ మరోసారి చదువుకోవాలి," అని చెప్పి కూర్చున్నాను.

ఛీ. ఇంతకంటే ఏం రాయను?

55వ పనిదినం, సోమవారం

హాజరు నలభై రెండు. నూకరాజు లేడు. మొన్న శనివారం బడికి సెలవిచ్చాం.

పొద్దున వీరాచారి లలితని దింపడానికి వచ్చాడు. పిల్లని లోపలికి పంపి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "టీచరుగారండీ, తవరు రాసిన మూడు ముక్కలూ నా గోడ మీద అంటించుకున్నానండి. ఒక్కటీ తప్పలేదు. నేనేడ తప్పు చేశానంటారు?" అని అడిగాడు. దెబ్బలాటకి రాలేదు. తెలుసుకుందామనే అడిగాడు. చీటీ రాసింది నేను గనక నాకు తెలుస్తుందనుకున్నాడు.

"ఇంకాస్త జాగ్రత్తగా ఉండాల్సింది వీరాచారీ," అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. నిజంగానే ఎక్కడో జాగ్రత్త తగ్గిందని నమ్మినట్టున్నాడు. నా మొహం మీద ఉమ్మినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

అది చాలదన్నట్టు, ఆటల వేళ లలిత వచ్చి నా బల్ల పక్కన నిలుచుంది. ఏమ్మా అంటే మెల్లగా అడిగింది. "పసుపు చుక్క నేను పెట్టకపోతే నూకరాజుకి తెలిసేది కాదు కదండీ?"

తొమ్మిదేళ్ళ పిల్ల. కమిటీ మొత్తానికి అందనిది దీనికి అందింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నీ తప్పేం లేదమ్మా" కాదు. నేనడిగింది "ఎవరితోనైనా అన్నావా?" అని.

"లేదండి."

"అనకు. బొమ్మల సంగతి ఇంక ఎవరితోనూ అనకు. నాన్నతో కూడా. నాన్న బాధపడతాడు. సరేనా?"

"సరేనండి. ఒట్టు," అని నా అరచేతిలో చెయ్యి వేసింది. చేతికి రంగు సుద్ద అంటుకుని ఉంది. వెళ్ళి ఆడుకోమన్నాను. వెళ్ళింది గానీ ఆడలేదు, మెట్ల మీద కూర్చుంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిలిచి ఆ ఒట్టు తీసేయడానికి నాకు గంట టైముంది. తీసేయలేదు.

58వ పనిదినం, గురువారం

హాజరు నలభై రెండు. జల్లు పడింది.

వీరాచారి ఇంటి మీద నాలుగు పలకలుంటే రెండు పోయాయి. తుపాకి లేని ఇల్లని గద్దలకి ఎలా తెలుస్తుందో! ఆయన కోత మిషను ఆగిపోయింది. పొద్దుటి నుంచీ కప్పు మీదే కూర్చుని ఇత్తడి పళ్ళెం మోగిస్తున్నాడు. పాఠం చెబుతుంటే ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. పిల్లలు నవ్వారు. నవ్వొద్దని గట్టిగా కసిరాను. లలిత నవ్వలేదు, తల దించుకుని ఎక్కాలు రాసుకుంది. ఎనిమిదో ఎక్కంలో రెండు తప్పులు చేసింది. ఎప్పుడూ చెయ్యదు.

బడి వదిలాక ఆ ఇంటికి వెళ్ళి చెప్పేద్దామనే బయల్దేరాను. మూడిళ్ళు దాటాలి, అంతే. గుమ్మంలో వీరాచారి భార్య ఎదురొచ్చి, "రండి టీచరుగారూ, తవరొక్కరే మా గడప తొక్కారు," అని కళ్ళు తుడుచుకుంది. మజ్జిగ ఇచ్చింది. తాగాను. లలిత ఎనిమిదో ఎక్కం సరిగా చదవడం లేదని చెప్పి వచ్చేశాను.

ఆ మజ్జిగ ఎలా మింగానో నాకే తెలియదు.

60వ పనిదినం, శనివారం

హాజరు నలభై రెండు.

మూడో తరగతిలో రబ్బరు కోసం హసీనా పెన్సిలు డబ్బా తెరిస్తే తాళంచెవి కింద పడింది. ఇనప పెట్టె తాళంచెవి, వీరాచారి చేత్తో చేసిన గుండ్రటి తల ఉంది. మీ ఇంటిదా అంటే కాదంది. బుజ్జమ్మ వాళ్ళదట.

ఎందుకు తెచ్చావే అంటే, ఆటకి అంది. ఏం ఆట? చుక్కలాట. అందరూ ఒకేసారి చెప్పడం మొదలెట్టారు. ఎవరింటికైనా పుస్తకానికో, మంచినీళ్ళకో వెళ్ళినట్టు వెళ్ళాలి. వాళ్ళింట్లో పసుపు చుక్క ఉన్నచోటు నుంచి తాళంచెవి తీసుకుని బడికి తేవాలి. సాయంత్రంలోగా ఎవరికీ తెలియకుండా మళ్ళీ పెట్టేయాలి. పెద్దవాళ్ళు పట్టుకుంటే ఓడిపోయినట్టు. ఇప్పటికి పధ్నాలుగు ఇళ్ళవి వచ్చాయట.

"మా ఇంటిది ఇంకెవరూ తేలేదండీ, సాలా కష్టం! అటక మీద కదా," అని ఒకడు గొప్ప చెప్పుకున్నాడు.

బొమ్మలు కాల్చేశాను కదా అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. గోడ మీంచి దించితే సరిపోతుందా? నలభై మూడు ఇళ్ళ చుక్కలూ నలభై మూడు బుర్రల్లో ఉన్నాయి. అడిగితే గడగడా అప్పచెబుతారు. ఎక్కాలైనా ఇంత బాగా రావు. నేను నోరు మూసుకున్న ప్రతి రోజూ ఆ నలభై మూడు పెట్టెలూ తెరిచి ఉన్నట్టే లెక్క. వీరాచారికి ఒక్కడికే అన్యాయం చేస్తున్నాననుకుని కుమిలిపోతున్నాను. అంతకంటే పెద్దది చేస్తున్నాను.

తాళంచెవి తీసుకుని బుజ్జమ్మ ఇంటికి పరుగెత్తాను. వాళ్ళమ్మ చేతిలో పెట్టి, చోటు మార్చమని చెప్పాను. "ఇదెలా వచ్చిందండీ తవరి సేతికి?" అంది. సోమవారం అందరి ముందూ చెబుతానన్నాను. ఆ మాట బయటికి వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆమె ఆ పూటకి తాళంచెవిని బొడ్లో దోపుకుంది.

తిన్నగా తాతబ్బాయిగారింటికి వెళ్ళి సంగతంతా చెప్పాను. "ఆ బొమ్మలు నేనూ చూశాను కదండీ," అన్నారాయన. తరవాత గొంతు తగ్గించి, "ఇది అందరి ముందూ అనాలంటారా? ఇంటింటికీ ఓ చీటీ పంపేద్దాం. సోటు మార్చుకోమని రాద్దాం. ఎందుకని ఎవరడుగుతారు?" అన్నారు.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది. చీటీ రాస్తే వేలిముద్రలు పడి తిరిగొస్తాయి. ఎవరూ చదవరు. నాకు పరువుంటుంది, పిల్లలకి చుక్కలాట ఉంటుంది. "చీటీ కాదండి. నోటితో చెప్పాలి. సోమవారం దాకా కూడా ఆగకూడదు, రేపే పిలవండి," అన్నాను.

61వ పనిదినం, సోమవారం

హాజరు నలభై మూడు. నూకరాజు వచ్చాడు.

నిన్న ఆదివారం సాయంత్రం ఎండ ఉండగానే కుళాయి మైదానంలో అందరూ చేరారు. పిల్లలు కూడా వచ్చారు. తాళంచెవి నా చేతికి రావడం చూసిన బుజ్జమ్మ తల్లి నా వైపు చూడటం లేదు. వీరాచారి వెనకెక్కడో నిలబడ్డాడు, లలితని భుజం మీద ఎక్కించుకుని.

లేచి చెప్పాను. "ఇంటికెళ్ళగానే మీ తాళంచెవి చోటు మార్చండి. కొత్త చోటు పిల్లలకి చెప్పకండి. ఇప్పుడున్న చోటు బడి పిల్లలందరికీ తెలుసు. వాళ్ళ చేత గీయించింది నేను, పసుపు చుక్కకి రెండు మార్కులిచ్చింది నేను, గోడకి వేలాడదీసింది నేను," అన్నాను. లలిత చేత వెతికించానని చెప్పాను. బొమ్మలు పొయ్యిలో పెట్టానని చెప్పాను. వీరాచారికి జరిగింది చూస్తూ పది రోజులు నోరు మూసుకున్నానని చెప్పాను. "ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ మెట్టలో నా చీటీ చదివి, అందులో ఉన్నట్టు చేసినవాడు ఆయనొక్కడే," అన్నాను.

ఎవరూ అరవలేదు. అరుస్తారని నేను సిద్ధపడి ఉన్నాను, అరిస్తే బాగుండేది. నలుగురైదుగురు తల్లులు అప్పటికే లేచి ఇళ్ళకి పరుగెత్తారు. పైడమ్మ మాత్రం అందరినీ దాటుకుని నా ముందుకి వచ్చింది. "అంటే మావోడు దొంగ కాదన్నమాట. గోడ మీదున్నదే సూసేడు. నలుగురూ నా బిడ్డని దొంగ అంటంటే తవరు ఇనుకుంటా కూకున్నారు. ఏలిముద్ర ఏసింది తవర్ని నమ్మే కదండీ," అంది.

తాతబ్బాయిగారు లేచి, ఆ బొమ్మలు తాను కూడా చూశాననీ, మెచ్చుకున్నాననీ ఒప్పుకున్నారు. వీరాచారి తుపాకి అక్కడికక్కడే తిరిగిచ్చారు. పలకలు కమిటీ వేయిస్తుందన్నారు. నూకరాజుని బడికి రానిస్తామన్నారు. బుజ్జమ్మ తండ్రి వెళ్ళి వీరాచారి చేతులు పట్టుకున్నాడు. ఇక నా మాట వచ్చింది. మరో టీచరు దొరికేదాకా బడి నడపాలి, ఆ తరవాత వెళ్ళిపోవాలి అన్నారు. సరేనన్నాను.

"ఇంకేదైనా ఉందాండీ, చెప్పాల్సింది?" అని అడిగారు తాతబ్బాయిగారు.

ఉంది. ఒక్కటుంది. అన్నీ చెప్పాను, అదొక్కటే మింగేశాను. అంత చెప్పినదానికి అది కూడా ఎందుకులే, చిన్నపిల్ల మాట కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "లేదండి," అన్నాను.

అప్పుడు వీరాచారి తల పైకెత్తి, భుజం మీదున్న కూతుర్ని అడిగాడు. కోపంగా కాదు, ఆశ్చర్యపోయి అడిగాడు. "నీకు తెల్సామ్మా ఇదంతా? తెల్సి నాకెందుకు చెప్పలేదు?"

"తెల్సు నాన్నా," అంది లలిత. గొంతు ఖంగున మోగింది, క్లాసులో జవాబు చెప్పేటప్పుడు మోగినట్టే. "టీచరుగారు ఎవరికీ చెప్పొద్దన్నారు. నీకు కూడా చెప్పొద్దన్నారు. నేను ఒట్టేశాను. నువ్వు కప్పెక్కి పళ్ళెం కొడతన్నా చెప్పలేదు. అమ్మ ఏడుత్తన్నా చెప్పలేదు."

వీరాచారి నన్ను చూశాడు. బడి గుమ్మం దగ్గర నేనేడ తప్పు చేశానని అడిగినప్పుడు చూసిన చూపు కాదది. పిల్లని కిందికి దించి, గుండెలకి హత్తుకున్నాడు. ఆ పిల్ల ఆయన చేతుల్లోంచి మెడ తిప్పి నా వైపే చూస్తోంది. అది ఎందుకు చూస్తోందో నాకు తెలుసు. లెక్క సరిగ్గా చేసి పలక చూపించినప్పుడల్లా అలాగే చూస్తుంది.

"ఎవ్వరికీ చెప్పలేదు కదండీ?" అని మళ్ళీ అడిగింది.

"చెప్పలేదమ్మా," అన్నాను, అందరూ వింటుండగా.